వేపాకు కషాయం పోస్తే పైపు తుప్పు ఆగుతుందా?

ఏడాదికి రెండు మూడు సార్లయినా పేపర్లో ఇలాంటి వార్త ఒకటి కనపడుతుంది. ఫలానా కాలేజీ వాళ్ళు ఫలానా ఆకురసంతో ఇనుము తుప్పు పట్టకుండా ఆపారు, 90 శాతం పైగా ఫలితం వచ్చింది, ఖర్చు తక్కువ, పర్యావరణానికి హాని లేదు, ఇక పరిశ్రమలన్నీ దీన్ని వాడొచ్చు... ఇట్లా. వేప, ఉసిరి, గోరింటాకు, వెల్లుల్లి, కరివేపాకు, ఏదీ వదల్లేదు మనవాళ్ళు. ఆ వార్త మా లంచ్ టేబుల్ దగ్గరకొచ్చేసరికి రెండు పార్టీలు తయారవుతాయి. "మన పూర్వీకులకి ఇవన్నీ ఎప్పుడో తెలుసండీ" అనే పార్టీ ఒకటి. "పసరు పోస్తే పైపు బాగవుతుందా, ఇదేమన్నా పాము కాటా" అనే పార్టీ ఇంకోటి. రెండో పార్టీలో నా స్నేహితులు ఎక్కువ. నేను మాత్రం ఏ పార్టీలోనూ లేను. ఎందుకో చెప్పడానికే ఇదంతా.

ముందుగా, సాఫ్టువేరు వాడికి తుప్పు గొడవెందుకు అని అడిగేవాళ్ళకి ఒక మాట. మనం ఉండేది వైజాగులో. 1933లో మొదలైన పోర్టు, 1948లో 'జల ఉష'ని నీళ్ళలోకి దించిన షిప్‌యార్డు, 1957 నాటి రిఫైనరీ, 1992లో జాతికి అంకితం చేసిన స్టీల్ ప్లాంటు. ఈ ఊరంతా ఉప్పునీటి పక్కన నిలబెట్టిన ఇనుమే. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 1966లో అరిచి, ప్రాణాలు కూడా ఇచ్చి సాధించుకున్నాం సరే, మరి ఆ ఉక్కుకి పట్టే తుప్పు ఎవరి హక్కు? :-) దాని ఖర్చు మాత్రం అందరం కడుతున్నాం. నేస్ అనే అంతర్జాతీయ సంస్థ 2016లో ఇచ్చిన లెక్క ప్రకారం ప్రపంచం మొత్తమ్మీద తుప్పు ఖర్చు ఏడాదికి 2.5 ట్రిలియన్ డాలర్లు, అంటే ప్రపంచ ఉత్పత్తిలో 3.4 శాతం. పైగా 2025 అక్టోబరులో గూగుల్ వాళ్ళు ఇక్కడ 15 బిలియన్ డాలర్ల ఏఐ హబ్ ప్రకటించారు కదా. డేటా సెంటరంటే మనకి సర్వర్లే కనపడతాయి. ఆ సర్వర్ల వేడి ఎక్కడికో పోవాలి, దానికి చాలాచోట్ల నీళ్ళ పైపులు కావాలి. నీళ్ళున్న చోట పాచి పడుతుంది. అగ్నిమాపక స్ప్రింక్లర్ పైపుల్లో ఏళ్ళ తరబడి కదలకుండా నిలిచే నీళ్ళ సంగతీ అంతే. కాబట్టి ఇది మన గొడవ కూడా.

సరే, అసలు విషయం. తుప్పంటే ఇనుము, నీరు, ఆక్సిజను అని బళ్ళో చదువుకున్నాం. అది నిజమే కానీ మొత్తం నిజం కాదు. ఆక్సిజను అసలు లేని చోట, మట్టిలో లోతుగా పాతిన పోత ఇనుము పైపులు ఎందుకు చిల్లులు పడుతున్నాయని హాలెండులో ఇద్దరు (ఫాన్ వోల్జోగెన్ క్యూర్, ఫాన్ డెర్ ఫ్లుగ్ట్) 1934లో తేల్చారు. అది బాక్టీరియా పని. మనం ఆక్సిజను పీల్చినట్టు ఈ బాక్టీరియా సల్ఫేటుని వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడు వదుల్తుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన అదే. ఆ సల్ఫైడు ఇనుముతో కలిసి నల్లటి ఐరన్ సల్ఫైడు అవుతుంది. పైన చూస్తే ఎర్రటి బొడిపె, గీకితే కింద నల్లటి జిగురు, కడిగితే దాని కింద గుంట. 2004లో జర్మనీ వాళ్ళు ఇంకో అడుగు వేశారు: వీటిలో కొన్ని రకాలు ఇనుము నుంచి ఎలక్ట్రాన్లని నేరుగా లాక్కుంటాయని చూపించారు. అంటే మధ్యవర్తి కూడా అక్కర్లేదు, ఇనుమే భోజనం!

అలాగని వైజాగులో కనపడే ప్రతి తుప్పూ బాక్టీరియా పని కాదండోయ్. ఆర్కే బీచిలో పెట్టిన కుర్సురా సబ్‌మెరైన్ ఒంటికి పట్టే తుప్పు ఉప్పుగాలి తుప్పు. దానికి ఈ కథతో సంబంధం లేదు. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

బాక్టీరియా తుప్పుకి ఏం కావాలి? సల్ఫేటు కావాలి. సముద్రపు నీళ్ళలో లీటరుకి దాదాపు 2.7 గ్రాములుంటుంది, కొదవే లేదు. తిండి కావాలి, అంటే కుళ్ళే పదార్థం. గాలాడని మూల కావాలి. మన ఇన్నర్ హార్బరుని తల్చుకోండి. మూడు పక్కలా మూసుకున్న నీళ్ళు, దశాబ్దాలుగా గెడ్డల్లోంచి వచ్చి కలిసిన ఊరి మురుగు, ఫ్యాక్టరీల నీళ్ళు. ఎవరో కూర్చుని డిజైను చేసినా ఇంత బాగా కుదరదు. ప్రపంచంలో చాలా రేవుల్లో షీటు పైళ్ళ మీద, పాటు నీటిమట్టం దగ్గర, ఏడాదికి అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు దాకా ఉక్కుని తినేసే ప్రత్యేకమైన తుప్పు ఒకటుంది. కింద నల్లటి జిగురు, పైన నారింజ రంగు మచ్చ. అది ఈ కుటుంబంలోదే. పది మిల్లీమీటర్ల పైలు ఎన్నేళ్ళుంటుందో మీరే లెక్కేసుకోండి.

దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో చూడాలంటే అమెరికా పోదాం. 2006 మార్చిలో అలాస్కాలోని ప్రూడో బేలో బీపీ వారి పైపు కారి సుమారు 5 వేల బారెళ్ళ ముడిచమురు మంచు మీద పారింది. లోపలి మడ్డి, దాని కింద బాక్టీరియా, ఏళ్ళ తరబడి పైపు లోపల శుభ్రం చెయ్యకపోవడం. 2015 అక్టోబరులో లాస్ ఏంజిలెస్ దగ్గర ఆలిసో కాన్యన్‌లో ఒక గ్యాసు బావి పగిలి నాలుగు నెలలపాటు మీథేను ఎగజిమ్మింది, వేలమంది ఇళ్ళు ఖాళీ చేశారు. బావి గొట్టాన్ని బయటినుంచి భూగర్భ జలం, సూక్ష్మజీవులు తినేశాయని 2019లో వచ్చిన నివేదిక. మన దగ్గర 2014 జూన్ 27న తూర్పు గోదావరి జిల్లా నగరంలో గ్యాసు పైపు పేలి 20 మందికి పైగా పోయారు. దాన్ని నేను బాక్టీరియా ఖాతాలో వెయ్యను. నీరు వేరు చెయ్యని గ్యాసు ఆ పైపులో నడిచింది, లోపల్నుంచి తుప్పు తినేసింది. కానీ పైపు లోపల నీరు నిలిస్తే ఏమవుతుందనేదానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ మన తెలుగువాళ్ళకి లేదు.

ఇప్పుడు వేపాకు దగ్గరికొద్దాం.

ఇంగ్లీషులో బయోఫిల్మ్ అంటారు గానీ మనకి చక్కటి మాటుంది: పాచి. కొలను మెట్ల మీదున్నదీ పాచే, పొద్దున్నే పళ్ళ మీద ఉండేదీ పాచే. బాక్టీరియా విడివిడిగా ఈదుతున్నంత సేపు వాటిని చంపడం తేలిక. గోడకి అంటుకుని, జిగురు కక్కి, ఆ జిగురులో ఇల్లు కట్టుకున్నాక అదే మందు వందల రెట్లు పోసినా చావకపోవచ్చు. క్లోరిన్ పైపొరతో కొట్లాడి అక్కడే అయిపోతుంది, అడుగున ఉన్నవాళ్ళు హాయిగా ఉంటారు. ఆ అడుగున, నీళ్ళలో ఆక్సిజను ఉన్నా సరే, ఆక్సిజను చేరదు. ఇనుముని తినే బాచి సరిగ్గా అక్కడే కూర్చుంటుంది.

మరి మన తాతలు పాచి ఎలా వదిలించుకున్నారు? వేపపుల్లతో. వేపరసం పుక్కిలించి ఊరుకోలేదు, పుల్ల నమిలి కుంచె చేసి తోమారు. అందులో సగం పని రసానిది, సగం పని తోమడానిది. పైపులకీ అదే సూత్రం. పైపు లోపల 'పిగ్' అనే తోముడు పరికరాన్ని నడిపి, మడ్డి ఊడ్చి, అప్పుడు మందు పోస్తే పనిచేస్తుంది. తోమకుండా పోస్తే, అది వేపరసమైనా, విదేశీ బయోసైడైనా, డబ్బు దండగ. "పూర్వీకులకి తెలుసు" పార్టీ వాళ్ళు రసం గుర్తుపెట్టుకుని పుల్లని మర్చిపోతున్నారని నా ఫిర్యాదు.

ఇక ఆ 90 శాతం సంగతి. ఆ పేపర్లు కొన్ని ఓపిగ్గా చదివాను. ఎక్కువ భాగం కథ ఒకటే. ఉక్కు ముక్కని బీకరులో హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో ముంచుతారు, ఆకురసం కలిపిందొకటి, కలపందొకటి. కొన్ని గంటల తర్వాత తూకం వేస్తారు. ఆకుల్లోని కొన్ని అణువులు (నత్రజని, ఆక్సిజను, గంధకం ఉన్నవి, వలయాలున్నవి) లోహం మీద పల్చటి పొరలా అతుక్కుని ఆసిడ్‌ని ఆపుతాయి. సైన్సు నిజమే, అబద్ధమేమీ లేదు. ఉక్కు తీగలని ఆసిడ్‌లో కడిగే పిక్లింగు షాపుల్లో పనికొస్తుంది కూడా. కానీ అంత ఘాటు ఆసిడ్‌లో మన కథలోని బాక్టీరియా ఒక్కటి బతకదు! పాచి లేదు, సల్ఫేటు లేదు, ఉప్పు లేదు, నెలలు లేవు. ఆ అంకెని పట్టుకెళ్ళి హార్బరు పైపుకి అతికించడమంటే "మా మెషీన్లో నడుస్తోందండీ" అని చెప్పి ప్రొడక్షన్‌లో పెట్టేసినట్టు. అట్లాంటి డెవలపర్ని మనం టీములో ఏమంటామో తెలుసుగా.

బాక్టీరియా మీదే నేరుగా పరీక్షించిన పనులూ ఉన్నాయి. వేప, వెల్లుల్లి, లవంగాల్లోని యూజెనాల్, దాల్చినచెక్క నూనె, పసుపు. గాజు సీసాలో సల్ఫేటు బాక్టీరియాని ఇవి తగ్గిస్తాయి. ఇంకా తమాషా పని ఆస్ట్రేలియా వాళ్ళది. సిడ్నీ తీరంలో పెరిగే డెలీసియా అనే ఎర్ర నాచు ఒంటి మీద పాచి పట్టదు. ఎందుకని 1990లలో వెతికితే, అది బాక్టీరియాని చంపడంకన్నా వాటి మధ్య నడిచే రసాయన సందేశాలని చెడగొడుతోందని తేలింది. మన భాషలో చెప్పాలంటే సర్వర్లు కూల్చకుండా మెసేజ్ క్యూని జామ్ చేసింది. ఎంత అందమైన ఐడియా! అయినా ఇన్నేళ్ళకీ ఓడలకి పూసే మామూలు పెయింటు కాలేకపోయింది. అందమైన ఐడియాకీ, నాలుగేళ్ళు సముద్రంలో నిలిచే పెయింటుకీ మధ్య దూరం అంత.

కాస్త లెక్క చూద్దాం, మనకి అలవాటైన పని కదా. ఒక కూలింగ్ వ్యవస్థలో 5 వేల ఘనపు మీటర్ల నీళ్ళున్నాయనుకోండి. లీటరుకి 500 మిల్లీగ్రాముల ఎండు సారం కావాలనుకుందాం (పేపర్లలో చాలాసార్లు ఇంతకన్నా ఎక్కువే వాడతారు). అంటే ఒక మోతాదుకి 2,500 కిలోల సారం. ఎండాకులో పదో వంతు సారం దిగితే 25 టన్నుల ఎండాకు. వారానికోసారి పోస్తే ఏడాదికి 1,300 టన్నులు. ఒక్క వ్యవస్థకి! ఆ ఆకు వర్షాకాలంలో ఒకలాగ, ఎండాకాలంలో ఒకలాగ ఉంటుంది. ఏ బ్యాచిలో ఎంత మందుందో ప్రతిసారీ కొలవాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు, ముడి కషాయంలో చక్కెరలుంటాయి, పిండి పదార్థాలుంటాయి, మాంసకృత్తులుంటాయి. మందు పనిచేసినంత సేపు సరే. అది పలచబడ్డాక మిగిలిందంతా బాక్టీరియాకి విందు భోజనమే. చంపడానికి పోసి మేపినట్టు.

ఇంత చెప్పాక "మరి పసరు పార్టీలో చేరిపోవయ్యా" అంటారేమో. ఆగండి, చేరను.

కలంకారీలో నలుపు ఎలా వస్తుందో తెలుసా? తుప్పు ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో నానబెట్టి పులియబెడతారు, దాన్ని కసిం అంటారు. గుడ్డకి ముందే కరక్కాయ, పాలు పట్టించి ఉంటాయి. కసింలో ముంచిన కలం గుడ్డని తాకగానే కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి చెరగని నల్ల రంగు కడతాయి. సరిగ్గా ఇదే రసాయనం ఈ రోజు హార్డ్‌వేరు షాపులో 'రస్ట్ కన్వర్టర్' అనే డబ్బాలో అమ్ముతున్నారు. తుప్పు మీద పూస్తే నల్లగా మారి గట్టి పొరవుతుంది, పైన పెయింటు వెయ్యొచ్చు. ఆవిరి రైలింజన్ల రోజుల్లో బాయిలరు నీళ్ళలో టానిన్లు కలిపేవారు. అంటే చెట్టు మందు పరిశ్రమలోకి ఎప్పుడో వచ్చింది, పేపర్లో వార్త పడకుండానే.

పెదజాలారిపేటలో ఒక పెద్దాయన్ని అడిగాను, "తాతా, నైలాను రాకముందు వలలకి ఏం చేసేవాళ్ళు?" అని. "చెక్క ఉడకేసి ఆ రసంలో ముంచీవోరు బాబూ మా అయ్యోళ్ళు. నేకపోతే నూలు వల ఎన్నాళ్ళుంటాది? నాలుగు దినాల్లో కుళ్ళిపోద్ది" అన్నాడు. "ఒకసారి ముంచితే సరిపోయేదా?" అంటే నవ్వాడు. "వారం తిరిగీసరికి మళ్ళీ ముంచాల. అదో సాకిరీ. నైలాను వొచ్చింది, వొదిలిపోనాది." ఈ చివరి వాక్యం చాలా ముఖ్యం. బెరడు టానిన్ పనిచేసింది, కానీ చాకిరీతో పనిచేసింది. పాత పద్ధతిని ఎవరూ కుట్ర చేసి చంపలేదు. చాకిరీ తక్కువున్నది గెలిచింది, అంతే.

నన్ను పసరు పార్టీలో చేరనివ్వని అసలు కారణం మాత్రం పలాస. శ్రీకాకుళం జిల్లా పలాసలో జీడిపిక్కలు కొట్టే చేతులు చూశారా ఎప్పుడైనా? చిప్పలోంచి కారే జీడి అంటుకుని నల్లబడిపోతాయి, చర్మం పొక్కిపోతుంది. ఆ నూనెలో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆసిడ్. వేడి చేస్తే అదే కార్డనాల్ అవుతుంది. ఆ కార్డనాల్‌తో తయారైన గట్టిపరిచే రసాయనాలు (ఫినాల్కమైన్లు) ఈ రోజు ఓడలకి వేసే ఎపాక్సీ పెయింట్లలో విరివిగా వాడుతున్నారు. కారణం దేశభక్తి కాదు, ప్రకృతి ప్రేమా కాదు. చలిలో, తేమగా ఉన్న ఉక్కు మీద కూడా ఆ పెయింటు ఆరి గట్టిపడుతుంది. తేమ తగ్గే దాకా ఓడని ఆపితే రోజుకెంత నష్టమో షిప్‌యార్డు వాళ్ళకి తెలుసు. చూశారా, మొక్కసారం గెలిచిన చోట అది కషాయంగా గెలవలేదు. శుద్ధి చేసి, బ్యాచికీ బ్యాచికీ తేడా లేకుండా, ఒక పనికి ఒక అణువుగా గెలిచింది. అదీ నీళ్ళలో పోసే మందుగా కాదు, బాక్టీరియా లోహాన్ని తాకకుండా అడ్డుపడే పూతగా.

సహజం అంటే క్షేమం అనే మాట కూడా పలాస చేతులు చూసినవాళ్ళు అనలేరు. అలాగని రసాయనాల చరిత్ర గొప్పదేమీ కాదు. ఓడ అడుగున నాచు, గుల్లలు పట్టకుండా వేసే టీబీటీ పెయింటు ఎంత బాగా పనిచేసిందంటే, ఫ్రాన్సులో ఆర్కషాన్ దగ్గర ఆల్చిప్పల సాగుని దెబ్బతీసింది, ఆడ నత్తలకి మగ అవయవాలు మొలిపించింది. దాన్ని నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి 2008లో అమల్లోకొచ్చింది. క్లోరిన్ కలిసిన నీళ్ళు చివరికి ఎక్కడికి పోతాయి? సముద్రంలోకే. ఆ పక్కనే వల వేసేవాడు ఈ చర్చలో ఎక్కడా ఉండడు. కాబట్టి క్లోరిన్ మోతాదు సగానికి తగ్గించే మొక్క నూనె ఏదన్నా దొరికితే, అదొక్కటే చాలు, పూర్తిగా బదులు కానక్కర్లేదు. నా ఆశ అంతా ఈ 'తోడుమందు' మీదే.

ఇక్కడ మన వృత్తికి సంబంధించిన ఒక సంగతి. ఒక ప్లాంటు మెయింటెనెన్సు డేటాతో కొన్నాళ్ళు పనిచేశాను (పేరు వద్దు). లీకు వస్తే వర్క్ ఆర్డరు తెరుస్తారు. 'కారణం' అనే డ్రాప్‌డౌన్‌లో తుప్పుకి ఒకే ఒక్క కోడు. ఉప్పుగాలి తుప్పూ అదే, ఆసిడ్ తుప్పూ అదే, బాక్టీరియా తుప్పూ అదే. వివరాల్లో "క్లాంపు వేశాం", స్టేటస్ క్లోజ్డ్. కింద నల్లటి జిగురుందా, వాసనొచ్చిందా, గుంట ఎంత లోతు, ఏదీ లేదు. ఏడాది చివర రిపోర్టు తీస్తే సూక్ష్మజీవుల తుప్పు సున్నా! ఉండదు మరి, కోడే లేనప్పుడు. లేని సమస్యకి మందు ఎవరు కొంటారు, పరీక్షకి డబ్బెవరిస్తారు? ఆ టేబులులో ఒక వరుస చేర్చడం నాకు పది నిమిషాల పని. దానికి ఒప్పించడం మాత్రం నా వల్ల కాలేదు, "ఇప్పుడున్నది బాగానే నడుస్తోంది కదా" అన్నారు.

చిన్నవిగా కనపడేవాటి సంగతి ఈ ఊరికి వేరే చెప్పక్కర్లేదు. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. అది తుప్పు కాదు, పాచి కాదు. కానీ ఆ ట్యాంకులో ఉండాల్సిన టీబీసీ అనే నిరోధకం తగినంత లేకపోవడం ఒక కారణమని హైపవర్ కమిటీ చెప్పింది. కొద్దిగా కలిపే ఒక మందు, దాని స్టాకు, దాని కొలత.

నేను కోరేది పెద్ద ప్రాజెక్టేమీ కాదు. హార్బరులో పలకలు వేలాడదీసి ఏం పడుతుందో చూడటం ఈ ఊరికి కొత్త కాదు. ఆంధ్రా యూనివర్సిటీలో ఆచార్య పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు 1950లలోనే విశాఖ హార్బరులో ఓడలకి, కర్రలకి పట్టే జీవుల మీద పనిచేశారు. కర్రని తొలిచే పురుగుల మీద పరిశోధనకి ఇక్కడ ప్రత్యేకంగా ఒక కేంద్రమే పెట్టారు. అదే పద్ధతిలో ఇప్పుడు ఉక్కు పలకలు వేలాడదీయాలి. ఇన్నర్ హార్బరులో ఒక వరుస, ఔటర్ హార్బరులో ఒక వరుస, బయట సముద్రంలో ఒక వరుస. పూత లేనివి, మామూలు ఎపాక్సీవి, జీడినూనె ఎపాక్సీవి, టానిన్ పూసి పైన పెయింటు వేసినవి. మూడో నెల, ఆరో నెల, పన్నెండో నెల తీసి, గుంటల లోతు కొలిచి, నల్లటి జిగురులో ఏముందో చూసి, అంకెలన్నీ అందరికీ కనపడేలా పెట్టాలి, ఓడిపోయినవాటితో సహా. 90 శాతం వచ్చిన కషాయం మూడో నెలకే చేతులెత్తేస్తే అది కూడా రాయాలి. మధ్యలో ఒక తుఫాను కాలం ఎలాగూ వస్తుంది, అదీ పరీక్షలో భాగమే. ఉక్కు పలకలకి ఈ ఊళ్ళో కరువు లేదు. డేటాబేసు, గ్రాఫులు, ఫొటోలు పెట్టే సైటు మన శని ఆదివారాల పని, నేను రెడీ. పోర్టు లోపల తాళ్ళు కట్టుకోవడానికి పర్మిషన్ ఎవరిస్తారన్నదే మిగిలింది. అక్కడ పనిచేసేవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, దరఖాస్తు ఎవరి పేరున రాయాలో చెప్పండి.